ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ

సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు మా మోరిస్‌విల్ వీధిలో ఎవరి ఇంటి గోడలోంచో డ్రయ్యర్ వేడిగాలి బయటికి వస్తుంటుంది చూడండి, సబ్బు వాసనా, తడి నూలు వాసనా, కాస్త కమిలిన దుమ్ము వాసనా కలిసి, అది ముక్కుకి తగలగానే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. "జనాలు మల్లెపూలకి ఆగుతారు, నువ్వేంటే తల్లీ బట్టల మిషన్‌కి ఆగుతావు" అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఏం చెయ్యను, నా చిన్నతనమంతా ఆ వాసనే. పోయిన నెల అమ్మా నాన్నా న్యూజెర్సీ ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశాక, మొదటిసారి అమ్మని నడకకి తీసుకెళ్తే, తనూ సరిగ్గా అక్కడే ఆగింది. "అత్తయ్య వాళ్ల బేస్‌మెంటే" అంది. ఇద్దరం కాసేపు ఎవరిదో తెలియని గోడ పక్కన దొంగల్లా నిలబడ్డాం.

అత్తయ్య అంటే నాన్నకి పెద్దక్క. మమ్మల్ని స్పాన్సర్ చేసి అమెరికాకి రప్పించింది ఆవిడే. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఆవిడది పెద్ద ఇల్లు; పైన గదులన్నీ వాళ్లవి, కింద బేస్‌మెంట్ మాది. వాషరూ డ్రయ్యరూ నీళ్లు కాచే బాయిలరూ ఉన్న మూల నా మంచం, దానికీ అమ్మానాన్నల పరుపుకీ మధ్య అమ్మ ఆకుపచ్చ వెంకటగిరి చీర తెర. చలికాలంలో అత్తయ్య దుప్పట్లు ఆరబెట్టిందంటే నా మూలంతా వెచ్చబడేది, అమ్మ డ్రయ్యర్లోంచి అప్పుడే తీసిన తువ్వాలు తెచ్చి నా మీద కప్పేది, ఆ సుఖం తర్వాత ఏ హోటల్ పరుపు మీదా నాకు దొరకలేదు. గోడకి బాగా పైన, కప్పుకి ఆనుకుని, పలకంత కిటికీ ఒకటి ఉండేది. బయట నేలా ఆ కిటికీ అంచూ ఒకటే ఎత్తు కావడంతో వేసవిలో అందులోంచి గడ్డి మొదళ్లూ, ఉడతల పొట్టలూ, మామయ్య చెప్పులూ కనిపించేవి. మంచు పడితే అది పూర్తిగా కప్పుకుపోయి గదిలో నీలం వెలుగు నిండేది. మా క్లాసులో ఉడత పొట్టని కింద నుంచి చూసే యోగం ఇంకెవరికీ లేదని నాకు మహా గర్వంగా ఉండేది.

మామయ్య భలే మొహమాటస్తుడు. కిందికి రావలసి వస్తే మెట్ల పైన నిలబడి గట్టిగా దగ్గేవాడు, అమ్మ సర్దుకునేదాకా ఆగి, ఇంకోసారి దగ్గి, అప్పుడు దిగేవాడు. ఆ దగ్గులో జలుబెంతో మర్యాదెంతో అమ్మ వినగానే చెప్పేసేది. అత్తయ్యేమో వేసవి రావడం ఆలస్యం పెరడంతా గోంగూరా బచ్చలీ బీరపాదులూ పెట్టేది, జింకలొచ్చి మేసిపోతే వరండాలో నిలబడి వాటిని తెలుగులోనే కడిగిపారేసేది. నాన్న ఇండియన్ గ్రోసరీ కొట్టుకి వ్యాన్ నడిపేవాడు. పచ్చి మామిడికాయలు దిగిన రోజున ఒక పెట్టె మా ఇంటికి వచ్చేది. గరాజ్‌లో చాప పరిచి అత్తయ్యా అమ్మా ముక్కలు కొట్టి ఆవకాయ కలుపుతుంటే ఆ ఆవపిండి ఘాటుకి పక్కింటి కుక్క కూడా తుమ్మేది. జాడీలకి ఎత్తేశాక బేసిన్‌కి అంటుకుని మిగిలిన కారంలో వేడన్నం వేసి, నెయ్యి పోసి, అత్తయ్య కలిపి పెట్టిన ముద్దలు! కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఇంకోటి ఇంకోటి అని చెయ్యి చాచేదాన్ని. వినాయక చవితికి పత్రి కోసం మామయ్యా నేనూ వీధి వెంట పడి దొరికిన ఆకల్లా కోసుకొచ్చేవాళ్లం. "అమెరికాలో ఉన్న దేవుడికి అమెరికా ఆకులు తెలియవా ఏంటి" అనేవాడు మామయ్య.

నాకు మూడో క్లాసు అయిపోయే రోజుల్లో మామయ్య ఉద్యోగం టెక్సస్‌కి మారింది. వేసవి అయ్యేలోపు ఇల్లు అమ్మేయాలి. "మీరూ మాతో వచ్చెయ్యండిరా" అని అత్తయ్య నాన్న చెయ్యి పట్టుకుంది గానీ, అక్కడికెళ్లి నాన్న ఏం పని చూసుకుంటాడు? చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్లకి అందే అద్దెలు, వ్యాన్ నడిపేవాడికి కాదు. ఒకరోజు డ్రయ్యర్ చప్పుడులో నాకు వినపడదనుకుని తెర అవతల నాన్న అన్నాడు, "ఇల్లు కుదరకపోతే నువ్వూ బుజ్జీ నరసరావుపేట వెళ్లిపోండి. నేను కుర్రాళ్ల రూమ్‌లో ఎక్కడో తలదాచుకుంటా. నిలదొక్కుకున్నాక పిలిపిస్తాగా." అమ్మ, "అప్పటిదాకా ఆ పిల్ల నాన్నా అని ఫోన్‌నా పిలిచేది?" అంది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాన్న లేకుండా నాకు ఏ ఊరూ వద్దు.

మాకు దారి చూపించింది లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే ఆవిడ. కొన్ని కాంప్లెక్సుల్లో తక్కువ సంపాదన ఉన్నవాళ్లకని కొన్ని ఇళ్లు విడిగా ఉంచుతారనీ, వాటికి అప్లై చేసుకోవచ్చనీ, అడిగేవాళ్లు ఎక్కువ గనక పేర్లన్నీ కలిపి లాటరీ తీసి వరస పెడతారనీ అమ్మకి చెప్పింది. లాటరీ అనగానే అమ్మ బిగుసుకుపోయింది. "మా ఇంటా వంటా లేదు జూదం." నాన్న తల పట్టుకున్నాడు. "జూదమేంటే? మనం పెట్టేది పేరే కదా!" తరవాత ముగ్గురున్న కుటుంబానికి రెండు బెడ్‌రూముల ఇల్లని తెలిసి అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "ఇంత పిల్లకి విడిగా గది దేనికండీ? ఒక్క గది చాలని రాయండి, తొందరగా ఇస్తారేమో." మనం అడిగేది కాదు, మనుషుల్ని బట్టి వాళ్లే ఇస్తారని నాన్న ఎంత చెప్పినా, ప్రభుత్వం నా మీద అనవసరంగా ఒక గది దండగ చేస్తోందనే అమ్మ బాధ. పేరైతే వచ్చింది గానీ, వరసలో చాలా వెనక. ముందున్నవాళ్లందరికీ దొరకాలి, ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి. ఫోన్ మోగినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి లేచేవాళ్లం.

అత్తయ్య అట్టపెట్టెలు కట్టడం మొదలుపెట్టాక, అప్పుడు మోగింది అసలు ఫోన్. ఒక ఇల్లు ఖాళీ అయింది, వరస మా దాకా వచ్చింది, ఇచ్చేముందు మీరిప్పుడు ఎలా ఉంటున్నారో చూడ్డానికి కాంప్లెక్సు ఆఫీసు నుంచి మనిషి వస్తుంది అని. ఎవరో మన ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే మనవాళ్లకి తెలిసినది ఒక్కటే, పెళ్లిచూపులు! "ఏవిటీ, ఆవిణ్ణి బాయిలర్ పక్కన కూర్చోబెడతావా సుజాతా? పరువు పోదూ?" అని అత్తయ్య అమ్మ మీద లేచింది. కట్టిన పెట్టెలు మళ్లీ విప్పారు. పైన హాల్లో సోఫాల మీది ప్లాస్టిక్ కవర్లు మొదటిసారి ఊడాయి, వెండి పళ్లేలు బయటికొచ్చాయి, సున్నుండలూ జంతికలూ పులిహోరా తయారయ్యాయి. అత్తయ్య తన కాసులపేరు తీసి అమ్మ మెళ్లో వేసింది. నాన్నకి మామయ్య కోటు తొడిగారు, చేతులు వేళ్ల దాకా దిగాయి. మమ్మల్ని చూసి మంచి సంబంధమని ఆవిడ మురిసిపోవాలన్నమాట.

వచ్చినావిడ పేరు రోండా. భారీ మనిషి, కాళ్లకి పరుగు బూట్లు, మెడలో కార్డు, చంకలో ఫైలు. గుమ్మంలో ఆగి షాండ్లియర్ వైపు చూసింది, అమ్మ మెడ వైపు చూసింది, ఫైల్లో అడ్రస్ ఇంకోసారి చూసుకుంది. "మీరు ఉండేది ఇక్కడేనా?" అని అడిగింది. అమ్మ నిండుగా నవ్వి, నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "యెస్ యెస్! అవర్ హౌస్ ఓన్లీ!" అంది.

మనవాళ్లం అలాగే అంటాం కదండీ. ఆడపడుచు ఇంట్లో ఉంటూ, ఆవిడ ఎదురుగా, ఇది మాది కాదని ఏ కోడలి నోటికొస్తుంది? కానీ రోండా పెన్ను మూసేసింది. ఇలాంటి ఇల్లున్న కుటుంబానికి ఇస్తే, ఏ గూడూ లేనివాళ్లకి అన్యాయం చేసినట్టవుతుందని మెల్లగా, మర్యాదగానే చెప్పింది. నాన్న మొహం తెల్లబోయింది. నోరు తెరిచాడు, అక్క వైపు చూశాడు, మూసేశాడు. ఇది మా ఇల్లు కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అక్క వినేలా అనడమంటే, ఇన్నేళ్లు ఆవిడ పెట్టిన తిండి కాదన్నట్టే నాన్నకి. నాకు నరసరావుపేట బస్టాండు కళ్ల ముందుకొచ్చింది.

రోండా వెళ్లిపోబోతూ, నా బిక్కమొహం చూసి కాబోలు, ఊరడింపుగా నువ్వెక్కడ పడుకుంటావమ్మా అని నన్నడిగింది. అమ్మ కళ్లు ఉరిమాయి గానీ నేను చూడలేదు. నా గది ఎవరైనా అడగడమే మొదటిసారి! ఆవిడ చెయ్యి పట్టుకుని బరబరా మెట్లు దించాను, చీర తెర తీశాను, నా మంచం చూపించాను, ఉడత కిటికీ చూపించాను. ఆవిడ బాయిలర్ వైపూ, ఆ పలకంత కిటికీ వైపూ చాలాసేపు చూసింది. ఇక్కడ నిప్పంటుకుంటే నువ్వెలా బయటికొస్తావు అంది. మంచమెక్కి చెయ్యి చాపితే నాకు కిటికీ అందలేదు. "మా మామయ్య పైనుంచి దగ్గుతాడుగా, అప్పుడొస్తా" అన్నాను.

పైకొచ్చాక రోండా మళ్లీ పెన్ను తీసింది. అప్పుడు మా అత్తయ్య, ఎంత గడుసు మనిషి, ఎంత పరువు మనిషి, వెండి పళ్లెం పక్కన పెట్టేసి ముందుకొచ్చి, "మై హౌస్. హీ మై బ్రదర్. ఐ గోయింగ్, హీ నో హౌస్" అని భోరుమంది. నాన్న చెప్పలేని మాట ఆవిడే చెప్పేసింది. ఆ వేళ మా పరువంతా పోయింది, పోనిమ్మనండి, దాని బదులు ఇల్లొచ్చింది.

వెళ్లేముందు ఇంకో పేచీ. అప్లై చేసినవాళ్ల దగ్గర రోండా ఏమీ తీసుకోకూడదట, సున్నుండ కూడా. గుమ్మంలోకి వచ్చిన మనిషిని వట్టి నోటితో పంపడం అమ్మవల్ల అవుతుందా? ద్వారానికి అడ్డంగా నిలబడింది. చివరికి ఆవిడే నవ్వి, కుళాయి నీళ్లు ఒక గ్లాసు అడిగి, నిలబడి మొత్తం తాగేసింది.

స్కూళ్లు తెరవకముందే తాళాలిచ్చారు. అత్తయ్యా మామయ్యా టెక్సస్ బయల్దేరే రోజు పొద్దున్నే మా కొత్త ఇంట్లో పాలు పొంగించాం. అమ్మ ఆనందానికి పాలు స్టవ్వంతా పొర్లి, మాడి, పొగ కమ్మి, ఫైర్ అలారం కొంపలంటుకున్నట్టు అరిచింది, బిల్డింగంతా చెప్పుల్లేకుండా బయటికొచ్చింది. కాంప్లెక్సు ఆఫీసులోంచి రోండా పరుగెత్తుకొచ్చేసరికి, నేను నా గది కిటికీలోంచి సగం బయట ఉన్నాను, కింద గడ్డిలో నిలబడి మామయ్య దగ్గుతున్నాడు! నవ్వలేక ఆవిడ గోడకి ఆనుకుంది. అమ్మ పరమాన్నం గిన్నె చేతిలో పెట్టి, "నౌ ఐ నాట్ అప్లికెంట్. ఈట్" అంది. తిన్నది, రెండోసారి వేయించుకుంది కూడా.

ఆ గదిలోనే నేను చదువుకున్నాను, పెద్దదాన్నయ్యాను, అలిగి తలుపులేసుకున్నాను, ఆ గుమ్మంలోంచే నన్ను అత్తారింటికి పంపారు. నాన్న ఒక్కరోజు కూడా మాకు ఫోన్లో గొంతు కాలేదు. ఇప్పుడు అత్తయ్య లేదు, ఆవిడ ఇల్లు కొన్నవాళ్లు బేస్‌మెంట్‌లో సినిమా హాలు కట్టించుకున్నారట. మామయ్య ఫోన్ చేస్తే హలో కన్నా ముందు దగ్గు వినిపిస్తుంది. రోండా ఎప్పుడో రిటైరైపోయింది. ఇప్పుడు అప్లికేషన్లన్నీ ఫోన్‌లోనేనట, అక్కడ ఇంటికొచ్చి చూసేవాళ్లూ లేరు, గ్లాసు నీళ్లు తాగేవాళ్లూ లేరు.

పోయిన నెల ఖాళీ చేసేముందు అమ్మ గోడలు తుడిచింది, స్టవ్ కింద ఇంకా అంటుకుని ఉన్నాయేమోనని పాల మరకలు వెతికింది. తాళాలు తీసుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి, "తరవాత ఎవరొస్తున్నారో అడగవే" అని నన్ను పొడిచింది. చెప్పకూడదట. వరసలో ఉన్నవాళ్లేనండీ అన్నాడు. అయితే పిల్లలున్నారేమో అడగమంది. రెండు గదుల ఇల్లు కదా, ఉండొచ్చు అన్నాడు.

అమ్మ నా గదిలోకి వెళ్లింది. ఇంత పిల్లకి గది దేనికని పోట్లాడిన మా అమ్మ, ఆ పెద్ద కిటికీ తలుపు బార్లా తీసి, సులువుగా కదులుతోందో లేదో రెండు వైపులా జరిపి చూసింది. "తాళాలిచ్చే రోజున, ముందు ఆ పిల్లకి ఈ కిటికీ చూపించమని చెప్పవే" అంది. నేను ఆ కుర్రాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను.