ఉత్త పప్పే పెద్దమ్మా

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మేముండే మగ్గాల వాడలో ఎవరింట్లో దావత్ జరిగినా, మేక కూర వండడానికి పక్కింటి పెద్దమ్మనే పిలిచేవారు. ఆమె మాకు చుట్టం కాదు, వరసకు పెద్దమ్మ. ఆమె భర్త, మా పెదబాపు, భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తూ ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో ఆమె, కాలేజీలో చదివే కొడుకు, ఇద్దరే. ఆ అన్నే నాకు లెక్కలు చెప్పేవాడు. పెద్దమ్మ కాపురానికి రాకముందు వాడలో దావత్‌ల వంటంతా మా నాయనమ్మదేనట. ఆమె వచ్చిన రెండేళ్లకే ఆ పిలుపులు గోడకు అటువైపు వెళ్లిపోయాయి. దాని గురించి నాయనమ్మ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. కానీ పెద్దమ్మ ప్రస్తావన వస్తే చాలు, చేతిలో ఉన్న గిన్నెను కాస్త గట్టిగా కింద పెట్టేది.

అవి తొలి తెలంగాణ ఉద్యమం రోజులు. నాకు పదేళ్లు. బడులు నడవడం లేదు. మేం పిల్లలం వరుసకట్టి జై తెలంగాణ అని అరుచుకుంటూ వాడంతా తిరిగేవాళ్లం. మాకది ఆటే. కాలేజీ పిల్లలకు ఆట కాదు. ఒకరోజు వాళ్ల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. అన్నను, మరికొందరిని వ్యానెక్కించి హైదరాబాద్ జైలుకు తీసుకుపోయారు. పెద్దమ్మ రెండుసార్లు బస్సెక్కి వెళ్లి, కొడుకు మొహం చూడకుండానే తిరిగి వచ్చింది. రెండోసారి వచ్చిన రోజే కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది, కొడుకు గడపలో కాలు పెట్టేదాకా నీసు ముట్టనని. తినడమే కాదు, మాంసం వండడం కూడా మానేసింది.

కారం, మసాలా తగలకపోతే ముద్ద దిగని మనిషి. పొద్దంతా చరఖా తిప్పి కండెలు చుట్టే ఒంటికి పచ్చిపులుసు మెతుకులు చాలలేదు. అందుకని శనగపప్పు నానబెట్టి, అల్లం వెల్లుల్లితో బరకగా రుబ్బి, గుడ్డలో మూటకట్టి ఆవిరి మీద ఉడికించేది. గట్టిపడ్డాక ముక్కలు కోసి, నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిగడ్డలు, ఎండు కొబ్బరి, ధనియాలు, లవంగాలు నూరిన మసాలాలో వేసి దగ్గరగా ఉడకనిచ్చేది. అచ్చం మేక కూరే. ఆ వాసనకు మేం పిల్లలం ఆట మధ్యలో ఆగిపోయేవాళ్లం. ఆమె జొన్నరొట్టె ముక్కలో కొంచెం కూర పెట్టి ఒక్కొక్కరి చేతికి ఇచ్చేది.

ఆ నెలలోనే వాడ చివర ఒకరింట్లో వరపూజ జరిగింది. పెద్దమ్మ మాంసం ముట్టదు కాబట్టి ఎన్నో ఏళ్ల తర్వాత మా నాయనమ్మకు పిలుపు వచ్చింది. ఆరోజు ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, తెల్లవారకముందే వెళ్లి పొయ్యి రాజేసింది. పెద్దమ్మ ఊరికే వెళ్లకూడదని ఒక గిన్నెడు పప్పు ముక్కల కూర పట్టుకెళ్లింది. అదే కొంపముంచింది. తిన్నవాళ్లు తిననివాళ్లకు చెప్పారు. ఇంకొంచెం ఉందా అని పెండ్లికొడుకు తండ్రే అడిగాడు. గిన్నె ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయింది. నాయనమ్మ వండిన మేక కూర సగం డేగిసాలోనే మిగిలింది. ఇంటికొచ్చాక ఆమె అన్నం తినలేదు.

"నోట్లె మాంసం లేకుంటేంది, మనసు నిండ మాంసమే ఉన్నది గద. గది మొక్కు ఎట్లయితది? దేవున్ని మోసం చేసుడు గాదా?" అని అమ్మతో అంది.

పదిహేను రోజుల తర్వాత మా ఇంట్లో పోచమ్మకు మేకను కోశారు. నాయనమ్మ మెత్తటి మాంసం కొంత వేరుగా తీసి, ఉడికించి, రోట్లో వేసి పీచు కూడా కనబడకుండా దంచింది. దాన్ని రుబ్బిన శనగపప్పులో కలిపి, గుడ్డలో కట్టి, పెద్దమ్మ చేసినట్టే ముక్కలు కోసింది. మా మేనత్త పక్కన కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అమ్మ మాత్రం, "వద్దత్తా, మొక్కుల ఉన్న మనిషి, కొడుకు జైల్ల ఉండె" అని అంది.

"నువ్వు పొయ్యి సంగతి చూడు" అంది నాయనమ్మ.

గిన్నె నా చేతికిచ్చి, ఏం చెప్పాలో నేర్పింది. గిన్నెలో ఏముందో నాకు తెలుసు. తెలియక తీసుకెళ్లానని ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పను. పెద్దమ్మ అంటే నాకు ఇష్టమే. కానీ పెద్దవాళ్ల గుసగుసల్లో నన్ను కలుపుకోవడం అదే మొదటిసారి. వాళ్లతో పాటు నవ్వుతుంటే నేను కూడా పెద్దదాన్ని అయిపోయినట్టు అనిపించింది. అంతకు మించి వేరే కారణం ఏమీ లేదు.

మధ్యాహ్నం. పెద్దమ్మ చరఖా ముందు కూర్చుని ఉంది. నాయనమ్మ నీలాగే పప్పుతో చేసిందని, ఎట్లుందో చెప్పమన్నదని అన్నాను. ఆమె మొహం వికసించింది. మా ఇంటి నుంచి ఆమెకు గిన్నె వెళ్లడం బహుశా అదే మొదలు. చేతులు కడుక్కుని వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుంది. రెండో ముక్క కొరికి ఆగింది. దవడ కదపడం ఆపి నా వైపు చూసింది.

"బిడ్డా, ఇండ్ల ఇంకేమన్న కలిసిందా?"

"లేదు, ఉత్త పప్పే పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. మిగిలిన సగం ముక్కా తినేసింది. ఆ తర్వాత రొట్టె తెచ్చుకుని గిన్నెడు కూరా తింది. చివరికి వేలితో గిన్నె తుడిచి నోట్లో పెట్టుకుని, "మీ నాయినమ్మ చెయ్యి మంచిది బిడ్డా. నాకంటె మంచిగ చేసింది. నేనన్ననని చెప్పు" అంది.

గోడకు అటువైపు నాయనమ్మ, మేనత్త నిలబడి అంతా వింటున్నారు. ఇన్నేళ్లుగా నాయనమ్మ ఏ మాట కోసం లోలోపల కుమిలిపోయిందో, ఆ మాట ఆమె చెవినపడింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఆమె గోడ పక్క నుంచి ఇవతలికి వచ్చింది.

"మంచిగుండక ఎట్లుంటది పిల్లా? పొద్దుగాల కోసిన మేక! అంత పెద్ద వంటగత్తెవు, గిది ఎరుక పడలేదా?"

మేనత్త పకపకా నవ్వింది. పెద్దమ్మ నాయనమ్మ వైపు చూడలేదు. నన్ను చూసింది. నాలో ఆమె ఏం చూసిందో నాకు తెలియదు. లేచి నీళ్లు పోయే మోరి దగ్గరికి పరుగెత్తి, గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కుకుంది. కడుపులో ఏమీ మిగలనంత వరకు, తర్వాత కూడా, అట్లాగే వంగి ఉంది. మేనత్త నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం, "కక్కుకుంటె మొక్కు తిరిగొస్తదా?" అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దమ్మ చెప్పులు లేకుండా నడిచి కొమురవెల్లికి వెళ్లి, తప్పయిందని మల్లన్నకు దండం పెట్టుకుని వచ్చింది. పాదాలు పగిలి నాలుగు రోజులు లేవలేకపోయింది.

నెల దాటాక అన్న విడుదలై వచ్చాడు. ఎడమ మోకాలు వంగడం లేదు. గోడ పట్టుకుని గడప దాటాడు. పెద్దమ్మ ఏడవలేదు. ఏ రోజు తగిలిందిరా దెబ్బ అని మాత్రం అడిగింది. పట్టుకుపోయిన రోజే, మొదటి లాఠీ దెబ్బకే అని అతను చెప్పాడు. అంటే ఆమె మొక్కుకోకముందే. అతనితో పాటు జైల్లో ఉన్న పిల్లలు కూడా అదే చెప్పారు. ఆమె నమ్మలేదు.

"నా పానం కుదుటపడాల్నని అందరు ఒక్క తీరుగ చెప్తున్రు. ఆ కాలు ఇరిగింది నేను తిన్న దినమే" అనేది.

అమ్మకు ఒక ఉపాయం తోచింది. "అత్తా, నువ్వు పోయి అండ్ల మాంసం కలుపలేదని చెప్పు. ఉత్తగ ఏడిపించిన అను. ఒక్క మాట" అని నాయనమ్మను బతిమాలింది. ఆ ఒక్క అబద్ధం ఆడడానికి నాయనమ్మ ఒప్పుకోలేదు. "నేను నోట్లె పెట్టిన్నా? తిన్నది తనే" అంది.

అప్పుడు నేనే వెళ్లాను. పెద్దమ్మ కొడుకు మోకాలికి వేడి నూనె రాస్తోంది. "పెద్దమ్మా, నాయినమ్మ ఉత్తగనే అన్నది. నిజంగ ఆ దినం గిన్నెల పప్పే ఉండె" అన్నాను. చెబుతూ ఏడ్చాను కూడా.

ఆమె నూనె చేయి ఆపి నా మొహంలోకి చూసింది. కోపం లేదు. "అప్పుడు గూడ గట్లనే చెప్పినవు బిడ్డా" అంది.

ఆ తర్వాత ఆమె ఎవరింటికీ వంటకు వెళ్లలేదు. పప్పు ముక్కలు మళ్లీ వండలేదు. మా ఇంటి నుంచి ఏం తీసుకెళ్లినా నవ్వుతూ అందుకుని పక్కన పెట్టేది, తినేది కాదు. అన్న ఆ కాలితో మగ్గం గుంటలో దిగలేక, చదువు సాగక, భీవండిలో తండ్రి దగ్గరికి వెళ్లి ఒక సేటు దగ్గర గుమాస్తాగా కుదిరాడు. దావత్‌ల పిలుపులన్నీ తిరిగి మా నాయనమ్మకే వచ్చాయి. ఆమె చాలా ఏళ్లు సంతోషంగా వండి, ఏ జబ్బూ లేకుండా ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది. ఆమె చేతి కూర గురించి వాడ వాడంతా చెప్పుకుని ఏడ్చింది. ఆమెకు ఏదో శిక్ష పడుతుందని నేను చాలాకాలం ఎదురుచూశాను. పడలేదు.

మొన్న నా మనవరాలితో ఆమె స్నేహితురాలు మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఆ పిల్ల మాంసం తినదు. అందుకని మీల్‌మేకర్‌తో కూర చేశాను. పళ్లెంలో వడ్డించగానే, "అచ్చం మటన్ లెక్క ఉన్నది అమ్మమ్మా. ఇండ్ల ఏం లేదు గద?" అని అడిగింది. లేదు బిడ్డా అన్నాను. అన్నది నిజమే. ఆ పిల్ల వెంటనే నమ్మి, తినడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి, చెత్తబుట్టలో పడేసిన ఖాళీ ప్యాకెట్టు వెతికి తీసి, తుడిచి, తెచ్చి ఆమె పళ్లెం పక్కన పెట్టాను.

"గిదెందుకు అమ్మమ్మా? మీరు చెప్పిన్రు గద" అని నవ్వింది.

అట్లా నమ్మే మొహం ఎదురుపడితే ఈ వయసులో కూడా నాకు భయమే.