ఒక అమెరికా జడ్జితో యూసుఫ్‌గూడ దాకా

అమెరికా సీరియళ్లు చూడటం వల్ల మనిషికి నయాపైసా ప్రయోజనం లేదని మా ఆవిడ పదిహేనేళ్లుగా అంటోంది. అది తప్పని రుజువు చేసే అవకాశం నాకు మొన్న శుక్రవారం దాకా రాలేదు. వచ్చాక ఏమైందో చెప్పడానికే ఈ కథనం. ఇదే దారిలో ఇంకెవరైనా వెళ్లదలిస్తే రైలు వేళలు పనికొస్తాయి.

హనుమకొండలో మా వీధి చివరింట్లో సువార్తక్క ఉంటుంది. ఒక ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్లు టోకెన్ నంబర్లు పిలిచింది. ఆమె "ముప్పై ఏడు" అంటే ముప్పై ఎనిమిదో నంబరు వాడు కూడా భయపడి లేచి నిలబడేవాడు. మూడు నెలల కింద ఆ పనికి మాట్లాడే యంత్రం పెట్టారు. మంచి యంత్రమే, దానికి దగ్గు రాదు, క్రిస్మస్‌కు సెలవు అడగదు. అక్క భర్త యేసురత్నం మిర్చి యార్డులో హమాలీ. బస్తా మోస్తూ నడుములో పూస జారి, రెండేళ్లుగా ఇంట్లో మంచాన ఉన్నాడు. ఆ ఇల్లు నడిచింది అక్క గొంతు మీద. ఇప్పుడు గొంతు ఉంది, పని లేదు.

ఆదివారం చర్చి అయ్యాక అక్క, ఆమె కూతురు గ్రేసీ మా ఇంటికి వస్తారు. నేను టీవీ శబ్దం తీసేసి, తెర మీద మనుషులు ఏమంటున్నారో చెబుతాను. అక్క ఆ మాటలు ఆ మనుషులై పలుకుతుంది. పోలీసు, దొంగ, దొంగ పెళ్లాం, కుక్క, అన్నీ ఆమే. అలా మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు అమెరికా మొత్తం వరంగల్ తెలుగు మాట్లాడేది. వినేవాళ్లం ముగ్గురమే గానీ, నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు చెప్పేటప్పుడు అరవై మందిలో కూడా అంత శ్రద్ధ కనబడదు.

అందుకని యూసుఫ్‌గూడలో ఒక డబ్బింగ్ స్టూడియోకు మాటలు రాసేవాళ్లు, గొంతులు కావాలని తెలియగానే ఇద్దరి పేర్లూ పంపాను. వాళ్లు ఒక సన్నివేశం వీడియో పంపి, తెలుగు మాటలు రాసుకుని రమ్మన్నారు. దాంతోపాటు నేను చూసిన అమెరికా సీరియళ్లలో మూడు మంచివి, మూడు చెడ్డవి ఏవో ఒక పేజీలో రాయమన్నారు. పదిహేనేళ్లలో నన్ను ఈ మాట అడిగినవాళ్లు వీళ్లే మొదలు. ఒక పేజీ అన్నది మాత్రం అవమానంగా తోచింది.

పొద్దున ఏడింటికి ఆటో ఎక్కాం. కాజీపేట దగ్గరే గానీ అక్కడ సీటు దొరకదని వరంగల్ స్టేషనుకు వెళ్లాం. ఇద్దరికీ జనరల్ టికెట్లు రెండొందల లోపే. ఏడు నలభై బండి ఎనిమిదీ ఐదుకు వచ్చింది. ఆలస్యమైనందుకు క్షమించమని మైకులో ఒక గొంతు చెప్పింది. "ఇది గుడ మిషనే," అంది అక్క.

కిటికీ పక్క సీట్లు దొరికాయి. అక్క డబ్బా తీసి సర్వపిండి పెట్టింది. నేను నా పేజీ చదివి వినిపించాను.

చెడ్డవాటిలో మొదటిది, ఒక పెళ్లికాని కుర్రాడు పాతికమంది అమ్మాయిలను ఒకే ఇంట్లో ఉంచి వారానికొకరిని పంపించేది. మనవాళ్లు ఒక్క పెళ్లిచూపులకే అలసిపోతారు. రెండోది, ఎనిమిదేళ్లపాటు ఒక తలుపు వెనక ఏముందో చెప్పకుండా నడిపి, చివర్లో అదంతా ఒకతని కల అని తేల్చినది. అతను కనీసం నిద్రపోయాడు. మూడోది దవాఖాన సీరియల్. ఇందులో నా అభిప్రాయం కంటే అక్కది బలమైనది.

"అది దవాఖాననా తమ్మీ? పేషెంటు ఎంబడి ఒక్క సుట్టం లేడు. డబ్బులు కట్టే కౌంటర్ లేదు. డాక్టర్లేమో ఉరుకుడే ఉరుకుడు. మా డాక్టరు ఉరుకంగ నేను పదకొండేండ్లల చూడలే."

మంచివాటిలో ఒకటి, ఇంటింటికీ పోయి నల్లాలు బాగుచేసే ముసలాయన కథ. ఒక్క సీజనుకే ఆపేశారు. నా అనుభవంలో అమెరికావాళ్లు మంచి సీరియల్‌ను చిన్నప్పుడే చంపేసి, చెడ్డదాన్ని పెద్ద చదువులు చదివిస్తారు. మరొకటి జడ్జి కథ. స్టూడియోవాళ్లు తెలుగు చేస్తున్నదీ, మాకు పంపిందీ అదే కావడం నా అదృష్టమనుకున్నాను. మూడో మంచిది దొరకలేదు, ఖాళీ వదిలేశాను.

ఆ జడ్జి అమెరికా దక్షిణాన పత్తి పండే ఒక చిన్న జిల్లాలో ఉంటుంది. రైతుబిడ్డ. ఆమె మాట్లాడే ఇంగ్లిషు విని అక్కడి పట్నంవాళ్లు నవ్వుకుంటారు. అయినా కోర్టులో ఆమె నోరు తెరిస్తే అందరూ నిలబడతారు. మాకు పంపిన సన్నివేశంలో దొంగతనం చేసిన కుర్రాడి తల్లి వచ్చి వేడుకుంటుంది. జడ్జి నాలుగు మాటలంటుంది. అమెరికా టీవీలో నాకు అన్నిటికన్నా నచ్చినవి ఆ నాలుగు మాటలే. వాటిని మా వరంగల్ మాటలోనే రాశాను. పత్తి జిల్లా జడ్జికి పత్తి జిల్లా మాట. ఇందులో వాదించడానికి ఏముంటుందో నాకు తోచలేదు.

కాజీపేట దాటాక అక్క సాధన మొదలుపెట్టింది.

"నీ కొడుకు చేసింది తప్పే. దాన్ని నేను మాఫ్ చెయ్యలేను. నువ్వైతే ఏ తప్పు చెయ్యలే. కూసో. నీళ్లు తాగు."

ఎదురు సీట్లో నెక్కొండలో ఎక్కిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఒళ్లో కాగితాల సంచి. సర్దుకుని కూర్చుని, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేడం, మీరు ఏ కోర్టుల చేస్తరు?"

"కోర్టు కాదు పెద్దనాయినా, టీవీల చెప్పేటియి ఇయి."

"బయటికి చెప్పద్దు, నాకెర్కే," అన్నాడాయన గొంతు తగ్గించి. తన కేసు చెప్పాడు. తమ్ముడు పొలం గట్టును రెండడుగులు లోపలికి జరిపాడట. వకీలు కోసం పట్నం పోతున్నాడు. ఆయన చెబితే వినే మనిషి కాదని అర్థమై, అక్క చివరిదాకా వింది.

"తమ్ముని ఇంట్ల అన్నం తిని ఎన్ని దినాలైంది?"

"నాలుగేండ్లాయె."

"ముందుగాల పోయి తినుండ్రి. గట్టు యాడికి పోతది? మనుషులే పోతరు."

జనగామలో ఆయన దిగి రెండు పొట్లాల పల్లీలు కొని తెచ్చి, ఒకటి అక్క చేతిలో పెట్టాడు. ఫీజు ఎంతని కూడా అడిగాడు. నేను నా పేజీ కింద కలంతో రాసుకున్నాను: పాత్రకు గొంతు ఖరారు.

పదకొండుకు సికింద్రాబాద్. ఈస్ట్ స్టేషనులో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా యూసుఫ్‌గూడలో దింపుతుంది, సుమారు అరగంట. మెట్రోలో అక్క నన్ను ఒకటే అడిగింది. "తమ్మీ, అక్కడ శుద్ధంగ మాట్లాడుమంటే?"

"అనరక్కా," అన్నాను. "అంటే మాట్లాడదాం." ఆ రెండో మాట ఎందుకన్నానో నాకే తెలియదు.

మెట్రో పక్క మెస్సులో భోజనం చేశాం. పప్పు బాగుంది, పెరుగు మీద వ్యాఖ్యానించను. స్టూడియో రెండో అంతస్తులో ఉంది. పన్నెండుకు రమ్మన్నవాళ్లు రెండుంబావుకు పిలిచారు. లోపల ఇంచార్జి ఫోనులో మాట్లాడుతున్నాడు. "అవ్వా, గోళీలు ఏసుకున్నవా? తిన్నంక ఏసుకోవాలె, ముందుగాల కాదు." జనగామ మనిషేనట. నాకు ప్రాణం లేచివచ్చింది. అక్క నావైపు చూసి నవ్వింది. ఆ రోజు ఆమె మనస్ఫూర్తిగా నవ్వింది ఆ ఒక్కసారే.

అక్క మైకు ముందు నిలబడి నాలుగు మాటలూ చెప్పింది. తెర మీద జడ్జి పెదవులకు అంత బాగా అతికాయంటే, ఆ జడ్జి హనుమకొండలో పుట్టిందేమో అనిపించింది. ఇంచార్జి చెవుల మీది హెడ్‌ఫోన్లు తీశాడు.

"గొంతు బంగారం అక్కా. కానీ జడ్జి గిట్ల మాట్లాడదు గద."

"మరెట్ల మాట్లాడతది?"

"జడ్జి లెక్క."

నేను కల్పించుకుని ఆ జిల్లా గురించీ, పత్తి గురించీ, ఆమె ఇంగ్లిషు గురించీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సార్, మీరన్నది కరెక్టే. మా అవ్వ గుడ పత్తి ఏరిందే. కానీ చూసెటోళ్లకు అమెరికా కావాలె, పత్తి గాదు. జడ్జి, డాక్టరు, హీరో ఒక తీరు మాట్లాడాలె. మనది పెట్టినమనుకోండి, ఫోన్లు చేసి తిడతరు. తిట్టేది గుడ మనోళ్లే." అక్క వైపు తిరిగాడు. "అక్కా, మంచి తెలుగుల ఒక్కసారి చెప్పుండ్రి."

అక్క ఒక నిమిషం కళ్లు మూసుకుంది. తర్వాత చీర కొంగు తల మీదికి లాక్కుంది. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి లేచినప్పుడు ఆమె చేసే మొదటి పని అదే.

"ఓ స్త్రీ, నీ కుమారుడు అపరాధియై యున్నాడు. అతని దోషమును నేను తుడిచివేయజాలను. ఏలయనగా నీయందు ఏ నేరమును నాకు కనబడలేదు గాని, అతనియందు కనబడెను. నీవు కూర్చుండి జలము పుచ్చుకొనుము."

అద్దం అవతల మిషను దగ్గరున్నాయన అలవాటుగా "ఆమేన్" అన్నాడు. ఇంచార్జి నవ్వలేదు, అది అతని మంచితనం. "అక్కా, ఇది జిల్లా కోర్టు," అన్నాడు మెల్లగా. వేలు పైకి చూపించాడు. "ఆ కోర్టు కాదు."

అక్కకు రెండు తెలుగులు వచ్చు. ఒకటి ఇంట్లోది, ఒకటి దేవుడిది. రెండింట్లోనూ ఆమెను మించినవాళ్లను నేను వినలేదు. ఈ రెంటి నడుమ జిల్లా జడ్జిల కోసం మూడోదొకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ని నేను. మెట్రోలో ఆమె నన్ను అడిగింది కూడా.

"దొంగ తల్లి పాత్ర ఉంది గద అక్కా," అన్నాడు ఇంచార్జి. "దానికి మీ మాట మస్తు సెట్టయితది." దొంగకు, తాగుబోతుకు, పనిమనిషికి, వాళ్ల తల్లులకు మా మాట పెట్టడం ఇక్కడ ఆనవాయితీ అట. ఆ మాటలూ నేను రాసినవే. అక్క కొంగు తీసి చెప్పింది.

"వాన్ని ఇడిసిపెట్టుండ్రి మేడం. వాడు లేకుంటే నాకు గ్లాసెడు నీళ్లిచ్చెటోడు లేడు."

నేను తలకాయ దించుకున్నాను. ఇంచార్జి, అతని సహాయకురాలు, మిషను దగ్గరాయన, ముగ్గురూ నవ్వారు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వారు. తానేదో తప్పు చెప్పానేమోనని అక్క మళ్లీ చెప్పింది. ఈసారి ఇంట్లో మంచాన ఉన్న మనిషి గుర్తొచ్చాడో ఏమో, గొంతు మధ్యలో విరిగింది. వాళ్లు మొదటిసారి కంటే ఎక్కువ నవ్వారు.

"సూపర్ అక్కా! కామెడీ మస్తు పండింది. రెండోదే ఉంచుతున్నం."

అమెరికా టీవీలో నాకు అన్నిటికన్నా నచ్చిన సన్నివేశం ఇకపై తెలుగులో నవ్వు తెప్పిస్తుంది. నేనిచ్చిన ఒక్క పేజీ ఇంచార్జి టీ గ్లాసు కింద ఉంది. జడ్జి మాటలు వేరే ఆయన రాస్తాడనీ, ఇలాంటి పాత్రలకు నన్నే పిలుస్తామనీ ఇంచార్జి చెప్పాడు. అక్కకు ఆ రెండు మాటల కూలి కవర్లో పెట్టి ఇచ్చి, "మీసొంటి పాత్ర వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్త అక్కా," అన్నాడు. అబద్ధమాడే మనిషిలా లేడు.

సాయంత్రం ఐదున్నరకు సికింద్రాబాద్‌లో బండి దొరికింది. జనగామ దాకా ఒకరి మోకాళ్ల మీద ఒకరు అన్నట్టు ప్రయాణం. ఈ దారిలో వెళ్లదలచినవారికి నా సలహాలు: పొద్దుటి బండే మేలు, నీళ్ల సీసా ఇంటి నుంచి తెచ్చుకోండి, మీరు ఇష్టపడే గొంతును మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఒక్కటే. చెడ్డ సీరియల్ తీయడానికి అమెరికాకు ఎనిమిదేళ్లు పట్టింది. మంచిదాన్ని పాడుచేయడానికి మాకు పావుగంట చాలింది. అందులో నా రాత కూడా ఉంది.

భువనగిరి దాటాక అక్క నోరు విప్పింది.

"తమ్మీ, నువ్వు అన్ని చూసినవ్ గద. అమెరికల నాసొంటోళ్లు ఎంతమంది ఉంటరు? దొంగల తల్లులు, పనోళ్లు?"

పదిహేనేళ్ల సీరియళ్లన్నీ మనసులో తిప్పాను. అక్కడ దొంగలకు తల్లులు ఉండరు. ఉన్నా ఫోటోలో ఉంటారు. పనిమనిషి తలుపు తీసి పక్కకు జరుగుతుంది. తాగుబోతులంతా మగవాళ్లే. నాకు గుర్తున్నంతలో, అక్కకు ఏడాదికి పది మాటలు వస్తే గొప్ప.

"బోలెడుమంది అక్కా," అన్నాను. "ఒక్కో సీరియల్‌లో నలుగురైదుగురు."

అక్క తలూపింది. కాజీపేట దగ్గరపడుతుండగా గ్రేసీ ఫోను చేసింది. ఏం పాత్ర వచ్చిందని అడిగినట్టుంది.

"జడ్జి కాదు బిడ్డా. జడ్జి ముందట నిలబడేది," అంది అక్క. "అట్లనేం లేదు, పని దొరికినట్టే. నాయినకు జెప్పు, ఫికర్ చెయ్యద్దను. రోజూ ఉంటదట. మా తమ్ముడు చెప్పిండు, ఆయనకన్ని ఎర్కే."