విత్తనానికి విడిచిన సాలు

ఏడాది తద్దినం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనది ఆకులో పెట్టాలని మా వదిన చెప్పింది. నా భార్య సరోజకు ఇష్టమైనది పితికిపప్పు కూర. అనపగింజలు నానబెట్టి, తోలు పితికి వండుతారు. బెంగళూరులో మా వీధి చివరే అనపకాయలు రాశులు పోసి అమ్ముతారు. సరోజ అవి కొనేది కాదు. నీళ్లు చల్లిన కాయకు వాసన పోతుందనేది. ఏటా మార్గశిరంలో ఇద్దరం ధర్మపురి జిల్లాకు వెళ్లి, ఏ. పళ్లిపట్టి దగ్గర ఒక రైతు చేలోంచి తెచ్చుకునేవాళ్లం. నిరుడు అక్కడినుంచి వచ్చిన వారానికే ఆమె పోయింది. ఈసారి నేనొక్కణ్ణే బయలుదేరాను. తద్దినం ఎల్లుండి.

సాయంత్రం ధర్మపురిలో రైలు దిగి, బస్టాండు దగ్గర ఏడువందల గదిలో పడుకున్నాను. నిద్ర సరిగా పట్టలేదు. మంచు ఆరకముందే కాయ కోయాలి కనుక, టీ తాగి ఐదున్నర బస్సెక్కాను. కండక్టరు నా గుడ్డసంచులు చూసి, "పోయేటప్పుడు ఖాళీ. వచ్చేటప్పుడు లగేజీ టికెట్టు తీయాల" అని తమిళంలో అంటూ నవ్వాడు.

ఊరి బయట దిగి మట్టిదారిన నడిచాను. చేను మునియమ్మది; వాళ్లింట్లో తెలుగే. గంప పట్టుకుని ఎదురొచ్చింది.

"రాన్నా. అక్క యాడ?" అంటూ నా వెనక్కి చూసింది.

చెప్పాను. గంప కింద పెట్టింది.

"ఒక ఫోను చెయ్యకూడదాన్నా?"

తద్దినం రేపని, కాయల కోసం వచ్చానని చెప్పాను.

"ఏం చేసేదన్నా! నిన్ననే ఏపారి వచ్చి చేనంతా కోయించుకొని పోయినాడు."

చూస్తే తెలుస్తూనే ఉంది. తొక్కిన మొక్కలు, వాడిన ఆకు. గట్టుమీద కూర్చున్నాను. మార్కెట్లో కొనుక్కుపోతాలే అన్నాను.

చేను పక్కనే ఉన్న ఇంటి అరుగుమీద నుంచి మునియమ్మ అత్త అరిచింది: "ఇత్తనం సాలు ఉందిగదే!"

గట్టు పక్కన ఒక సాలు ఎవరూ తెంపకుండా ఎండేదాకా విడుస్తారు. వచ్చే ఏటి విత్తనం అదే.

"అది ఇత్తనానికి అత్తా."

"ఇత్తనం పక్కింట్లో అడుక్కుందువులే. ఆయమ్మను యాడ అడుక్కుంటావు?"

మునియమ్మ సాలు ముందు ఒక్క క్షణం నిలబడి దండం పెట్టి, కొంగు దోపుకుంది. అనపలో ఒకే మొక్కకు పూవూ, లేతకాయా, ఎండుకాయా ఉంటాయి. గింజ నిండి ఇంకా పచ్చిగా ఉన్నవే కూరకు పనికొస్తాయి. ఆమె వేళ్లతో నొక్కి చూసి తెంపింది. నేను రెండో కొసనుంచి మొదలుపెట్టాను. అంతకుముందెప్పుడూ కోయలేదు. ఆ పని సరోజది. ఎండెక్కేసరికి ఒక సంచి నిండింది. తద్దినానికి ఊరికే ఇవ్వకూడదని అత్త చెబితే, మునియమ్మ మామూలు ధర తీసుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లు వ్యాపారి ఎప్పుడు వస్తాడో ముందు ఫోనులో కనుక్కోండి. ప్లాస్టిక్ సంచి వద్దు, కాయ ఉడికిపోతుంది.

ధర్మపురిలో ఇడ్లీ తిని మధ్యాహ్నం రైలెక్కాను. ఇంటికెళ్లి ఒలిచే ఓపిక ఉండదని, ఒళ్లో పేపరు పరుచుకుని అక్కడే మొదలుపెట్టాను. ఎదుటి సీటులో హోసూరు వెళ్లే ఒక పెద్దామె కాసేపు చూసి, అడక్కుండానే సంచిలో చెయ్యి పెట్టింది.

"ఏంది సార్, సగం లేతవే! ఎవురు కోసినారు?"

"నేనే."

"గింజే లేదు. ఇంట్లో అక్క తిడుతుంది చూడు."

"తిడుతుంది," అన్నాను.

ఆమె నవ్వి సంచి తన ఒళ్లోకి లాక్కుంది. హోసూరు వచ్చేదాకా ఇద్దరం ఒలిచాం. గింజలు డబ్బాకు సగం వచ్చాయి. ఒక ఆకుకు అది చాలు. ఆమె దిగిపోయాక లేతకాయలు పారేయబోయి, మళ్లీ సంచిలోనే వేసుకున్నాను. చేతులకు జిగురూ, పచ్చి వాసనా పట్టి ఉన్నాయి. బెంగళూరులో దిగేదాకా కడుక్కోలేదు.