పొన్నాడల కింద పడిన బాణం

కరోనా అనే మాట ఇంకా ఎవరి నోటా పలకని ఆఖరి శీతాకాలంలో, ఆసియా క్లబ్బుల బాస్కెట్‌బాల్ పోటీకి మన చుట్టుపక్కల దేశాల అర్హత మ్యాచ్‌లు పుదుచ్చేరి పట్టణంలో పెట్టారు. వాటికి నన్ను టైమర్‌గా వేశారు. టైమర్ అంటే ఆట గడియారాన్ని నడిపేవాడు. చూడడానికి చిన్న పనే. ఒక కుర్చీ, ఒక బటన్, ఒక హారన్. కానీ ఆ నాలుగు రోజులూ ఆసియా ఖండం మొత్తం కాలం నా కుడి బొటనవేలి కిందే నడిచింది. నేను వేలు ఎత్తితే తప్ప ఎవరికీ వయసు పెరిగేది కాదు.

ఈ పోటీ సంగతి ఇప్పటి కుర్రాళ్ళకు తెలియదు కనుక రెండు ముక్కలు చెప్పాలి. ఒక్కో దేశంలో గెలిచిన క్లబ్బు ఒక్కటి చొప్పున వచ్చి ఖండం కప్పు కోసం ఆడేవి. పడమటి దేశాల క్లబ్బులు చెట్టంత అమెరికన్లను అద్దెకు తెచ్చుకునేవి. తూర్పు దేశాల క్లబ్బులు అద్దెకు తెచ్చుకోకుండానే పరుగెత్తి చంపేవి. మనవాళ్ళు వెళ్ళి, ఓడి, ఫోటోలు దిగి వచ్చేవారు. ఆతిథ్యం ఇచ్చే ఊరు దొరకని ఏడాది పోటీ జరిగేదే కాదు. అద్దె ఇంటి గేటు మీద బోర్డు మారినట్టు దాని పేరు కూడా మారుతూ వచ్చింది. అయినా దాని గొప్ప దానికి ఉంది. జాతీయ జట్టులో చోటు దొరకని ఆటగాడు ఖండం స్థాయిలో ఆడాలంటే ఉన్న ఒకే ఒక దారి అది. వీధి చివర క్లబ్బు గెలిస్తే, ఆ వీధి మొత్తం ఆసియాకు ఎక్కినట్టే.

ఆ ఏడాది మన దేశం తరఫున గెలిచి నిలిచిన మా ఊరి క్లబ్బు కెప్టెన్ ఎం. సుబ్బరాయలు సరిగ్గా అలాంటి ఆటగాడు. ఇల్లు గోరిమేడులో, ఉద్యోగం సేదరపేట్‌లోని ఒక ఫ్యాక్టరీలో. తాతల తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. జాతీయ జట్టు ఎంపికకు ఎన్నోసార్లు వెళ్ళాడు, అన్నిసార్లూ ఆఖరి పేరుకు ముందే వెనక్కి వచ్చాడు. అప్పటికి ముప్పై ఆరు దాటాయి. ఎడమ మోకాలికి కట్టిన పట్టీ విప్పితే కాలు విడిగా ఊడి వస్తుందేమో అని నాకు భయంగా ఉండేది. ఈ అర్హత పోటీ గెలిస్తే కప్పుకు వెళ్తాడు, లేకపోతే ఆట మానేస్తాడు. ఈ సంగతి గోరిమేడు ఆసుపత్రికి వచ్చే రోగులకు కూడా తెలుసు.

ఇక మా టేబుల్. మైదానం పక్కన పొడవాటి బల్ల వెనుక మేము నలుగురం కూర్చుంటాం: స్కోరర్, సహాయ స్కోరర్, టైమర్, ఒక్కో దాడికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్లను లెక్కపెట్టే షాట్ క్లాక్ నడిపేవాడు. మధ్యలో కమిషనర్ అనే పెద్దమనిషి ఉంటాడు. ఆయన ఆట ఆడడు, ఈల ఊదడు, మేము తప్పు చేయకుండా చూస్తాడు. ఆ పోటీకి వచ్చిన కమిషనర్ పరదేశి. ఇస్త్రీ చేసిన సూటు, ఇస్త్రీ చేసిన ముఖం. స్కోరర్ ఆర్. కనకవల్లి విల్లియనూరు అమ్మాయి, లెక్కల టీచరు. చిన్నప్పుడు సుబ్బరాయలు బడిలోనే చదివింది, అతనికంటే రెండు తరగతులు పెద్ద. అందుకే అతను అక్కా అని పిలుస్తాడు. నేను యానాం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాణ్ణి. నా మాట చివర ‘అండి’ వినబడగానే వీళ్ళకు నవ్వు వస్తుంది. “యానామన్నా, నువ్వు హారన్‌ను కూడా అండీ అని పిలిచి కొడతావు గదా” అనేది కనకవల్లి.

టేబుల్ మీద గంభీరమైన వస్తువు బాణం. ఇద్దరు ఆటగాళ్ళు ఒకేసారి బంతిని గట్టిగా పట్టుకుని ఎవరూ వదలకపోతే దాన్ని హెల్డ్ బాల్ అంటారు. రెఫరీ రెండు బొటనవేళ్ళు పైకెత్తి మా వైపు చూస్తాడు. బాణం ఏ జట్టు దాడి చేసే దిక్కుకు చూపిస్తే, బంతి ఆ జట్టుది. వాళ్ళు బయటి నుంచి బంతిని లోపలికి వేయగానే స్కోరర్ బాణాన్ని అవతలి దిక్కుకు తిప్పాలి. ఈసారి నీకు, వచ్చేసారి వాళ్ళకు, అంతే. ఆటకు ఉన్న నాలుగు క్వార్టర్లలో రెండోదాని నుంచి ఆఖరి దాకా ప్రతి క్వార్టర్ మొదట్లో బంతి ఎవరిదో కూడా ఇదే తేలుస్తుంది. అన్నీ రాసే స్కోర్ షీటులో దీన్ని రాయడానికి మాత్రం గడి లేదు. బాణం ఏ పక్క ఉందో బాణానికే తెలియాలి. మా కరెంటు బాణాన్ని సముద్రపు గాలి తినేయడంతో వడ్రంగి చేత ఎర్ర రంగు కొట్టిన చెక్క బాణం ఒకటి చేయించారు. సైజు విషయంలో ఆయన వెనకాడలేదు. దాని నీడలో ఒక చిన్న కుటుంబం మధ్యాహ్నం పడుకోవచ్చు.

ఆఖరి మ్యాచ్ సముద్రం అవతలి ద్వీపం నుంచి వచ్చిన క్లబ్బుతో. గెలిచినవాళ్ళు కప్పుకు పోతారు. విరామంలో రావలసిన ముఖ్య అతిథి ముఖ్య అతిథులకు తగినట్టే ఆలస్యంగా వచ్చి, మూడో క్వార్టర్ అయిపోగానే దిగారు. నాలుగో క్వార్టర్‌కు ముందు ఉన్నది రెండు నిమిషాలే. మా ఊళ్ళో మాత్రం పెద్దమనిషి వస్తే పొన్నాడ కప్పకుండా పంపరు. పొన్నాడ అంటే జరీ అంచు శాలువా. అతిథికి ఒకటి, అతిథి వెంట వచ్చినవారికి తలా ఒకటి, కమిషనర్‌కు ఒకటి. కప్పినవారికి తిరిగి కప్పడం కూడా మర్యాదే కనుక పోటీ నిర్వాహక సంఘం కార్యదర్శికి రెండు. కప్పించుకున్న ప్రతివారూ ఫోటో అవగానే శాలువా తీసి దగ్గరున్న మా టేబుల్ మీద పడేశారు. నేను చూస్తుండగానే అక్కడ ఒక జరీ కొండ లేచింది. అందులో బాణం మునిగిపోయింది. కమిషనర్ కూడా ముక్కు దాకా మునిగిపోయాడు. తనకు కప్పినది తీయడమే కాదు, మీద పడినవి తోయడం కూడా అమర్యాద అనుకున్నాడు పాపం.

ఈ జాతరలోనే నాలుగో క్వార్టర్ మొదలైంది. అప్పటికి బాణం మన వైపే ఉండడంతో బంతి మన క్లబ్బుకు వచ్చింది. అతిథి వెనుక జనం లేచి వెళ్తుండగా, సగం మంది అటు, సగం మంది ఇటు చూస్తుండగా బంతి లోపలికి పడింది. కనకవల్లి శాలువాల కిందకు చెయ్యి దూర్చి, తడిమి, బాణాన్ని అవతలి వైపుకు తిప్పింది. కాసేపటికి సహాయ స్కోరర్ వి. దేశికన్ శాలువాలను ఒక్కొక్కటిగా మడిచి కింద పెట్టడం మొదలెట్టాడు. శుభ్రత అంటే ప్రాణం ఆయనకు. అడుగున బాణం కనబడింది. ఇంత బట్ట కింద ఉన్నదాన్ని కనకవల్లి ఎలా తిప్పగలదు, మరిచిపోయి ఉంటుంది అనుకుని, ఆమె స్కోరు రాసుకుంటుంటే ఇబ్బంది పెట్టకుండా తనే తిప్పాడు. చేసిన మేలు చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

ఆ క్వార్టర్ అంతా ఒక్క హెల్డ్ బాల్ కూడా రాలేదు. వచ్చింది ఆఖరున. మన క్లబ్బు ఒక్క పాయింటు ముందుంది, గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలాయి. బంతి ద్వీపం వాళ్ళ చేతిలో. సుబ్బరాయలు మోకాలిని ఎక్కడో వదిలేసి వచ్చినట్టు దూకి, బంతిని ముందుకు నడిపే వాళ్ళ గార్డు చేతుల్లో నుంచి దాన్ని రెండు చేతులా చుట్టేశాడు. ఈల. రెఫరీ బొటనవేళ్ళు పైకి లేచాయి. అందరూ బాణం వైపు చూశారు. బాణం మన వైపు చూపించింది.

స్టేడియం పైకప్పు మీద కాపురముంటున్న పావురాలన్నీ ఒక్కసారిగా ఊరు విడిచాయి. బంతి మనది, ఎనిమిది సెకన్లు పట్టుకుంటే చాలు, సుబ్బరాయలు ఆసియాకు పోతాడు. బంతి లోపలికి వేయడానికి అతనే మా టేబుల్ దగ్గరి గీత బయటికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు కనకవల్లి అంది: “అన్నా, హారన్ కొట్టు.”

“ఏవండీ? ఎందుకండీ?”

“బాణం తప్పుగా ఉండాది. కొట్టు.”

ఇక్కడ పాఠకులకు ఒక నియమం తెలియాలి. బాణం తప్పని, బంతి లోపలికి పడి ఎవరినైనా తాకేలోపు పట్టుకుంటే సరిచేయవచ్చు. తాకిందా, తప్పు అలాగే నిలిచిపోతుంది, ఎవరూ ఏమీ చేయలేరు. రెఫరీ బంతిని సుబ్బరాయలు చేతికి అందించబోతున్నాడు. నేను స్కోర్‌బోర్డు వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి చూసి, ఈ జనంలో నుంచి ప్రాణాలతో ఇల్లు చేరే దారి ఎటు ఉందా అని ఆలోచించే లోపలే, కనకవల్లి కమిషనర్ పొట్ట మీదుగా ఒక గజం చెయ్యి చాచి హారన్ నొక్కేసింది. విల్లియనూరులో ఆగి ఉన్న బస్సులు కదిలి ఉంటాయి.

రెఫరీ పరుగున వచ్చాడు. బాణం తప్పు అంది ఆమె. ఎలా చెప్పగలవు అన్నాడు ఆయన. నాలుగో క్వార్టర్ మొదటి బంతి మనవాళ్ళు వేశారు, నేను తిప్పాను, మళ్ళీ ఏ హెల్డ్ బాల్ రాలేదు, కనుక ఇప్పుడది అవతలి వైపు ఉండాలి అంది. దేశికన్ ముఖం పాలిపోయింది. “అయ్యయ్యో, నేనూ తిప్పినానే!” అన్నాడు.

“నిన్నెవురు తిప్పమన్నారు సార్?”

“నువ్వు మరిచిపోయినావనుకున్నాను మా. సుమ్మా, ఊరికే హెల్ప్‌కు.”

అయితే ఒక చిక్కు. నాలుగో క్వార్టర్ మొదటి బంతి నిజంగా మనవాళ్ళే వేశారా? స్కోర్ షీటు చెప్పదు. కమిషనర్‌ను అడిగితే, ఆ సమయంలో తనకు జరీ అంచు తప్ప ఏమీ కనబడలేదని ఒప్పుకున్నాడు. ఆ బంతి అందించిన రెండో రెఫరీ, జనం అడ్డంగా నడుస్తున్న గందరగోళంలో ఏ రంగు చొక్కాకు ఇచ్చానో ప్రమాణం చేసి చెప్పలేనన్నాడు. ద్వీపం వాళ్ళ కోచ్‌కు తన హక్కు పోతున్న సంగతే తెలియదు. తన ఆటగాళ్ళను చుట్టూ నిలబెట్టి బోర్డు మీద గీతలు గీస్తున్నాడు. బంతి తాకగానే వేలు ఎత్తిన నేను కూడా, జనం అడ్డంలో వేసిన చెయ్యి ఎవరిదో చూడలేదు. కనకవల్లి మాట ఒక్కటే మిగిలింది. ఒక్కరి మాట మీద ఇంత పెద్ద నిర్ణయం తిప్పడానికి రెఫరీ తటపటాయించాడు. ఈలోగా సుబ్బరాయలు టేబుల్ దగ్గరికి వచ్చేశాడు.

“ఏంది అక్కా? మనం గెలిస్తే నీకు యాడ నొప్పి?”

“నాకు నొప్పి లేదురా. నాలుగో క్వార్టర్ ఫస్టు బాల్ ఎవురు ఏసినారు?”

అతను స్కోర్‌బోర్డు వైపు చూశాడు. వెనుక జనం అతని పేరు పెట్టి అరుస్తున్నారు. లెక్కపెట్టడం నా ఉద్యోగమే అయినా, ఎంతసేపు అలా చూశాడో చెప్పలేను. నా గడియారం ఆగి ఉంది.

“నిన్నే అడుగుతాండా, రాయలూ.”

“నేనే ఏసినా,” అన్నాడు. తరువాత రెఫరీ వైపు తిరిగి తనకు వచ్చిన ఇంగ్లీషులో అదే మాట మళ్ళీ చెప్పాడు. బంతి వాళ్ళదే అన్నాడు. కనకవల్లి వైపు చూసి, “సరి, ఇచ్చేయండి. ఆపుతాం,” అని, దేశికన్‌తో మాత్రం, “సార్, మీరు ఇంక దేన్నీ ముట్టుకోవాకండి” అని వెళ్ళిపోయాడు.

బాణం తిరిగింది. జనం మా టేబుల్ మీద కురిపించిన మాటల్లో ఇక్కడ అచ్చు వేయదగినది ఒక్కటీ లేదు. ద్వీపం వాళ్ళు బంతి లోపలికి వేశారు, నేను వేలు ఎత్తాను, గడియారం కదిలింది. వాళ్ళ పొడుగాటివాడు బుట్ట కింద నుంచి వేయబోతే సుబ్బరాయలు ఎదురుగా రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. ఎగరలేదు, ఆ కాలితో ఎగరలేడు కూడా. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టుకు నాకు కొన్ని వెంట్రుకలు నెరిశాయి, మూడో చుట్టుకు బయటికి పడింది. హారన్ మోగింది. ఈసారి నేనే కొట్టాను.

అలా మా ఊరి క్లబ్బు ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. పాస్‌పోర్టులు తీశారు. సేదరపేట్ ఫ్యాక్టరీ వాళ్ళు సుబ్బరాయలికి సెలవు కూడా ఇచ్చారు. ఇంతలో కరోనా వచ్చింది. పోటీ వాయిదా అన్నారు. తరువాత మళ్ళీ వాయిదా అన్నారు. ఆ తరువాత ఏమీ అనడం మానేశారు. పోటీని రద్దు చేశామని మాకెవరూ చెప్పలేదు. అడగడం ఆపేసేసరికి అది లేదు. కొన్నేళ్ళకు వేరే పేరుతో, వేరే పద్ధతితో, డబ్బున్న లీగుల కోసం కొత్త పోటీ ఒకటి మొదలైంది. పాత అర్హతలు దానికి చెల్లవు. ఆ లెక్కన, లేని పోటీకి ఇప్పటికీ అర్హత ఉన్న ఏకైక కెప్టెన్ గోరిమేడులో ఉన్నాడు.

నేను నిరుడు కళ్ళజోడు నంబరు పెరగడంతో టేబుల్ పని మానుకున్నాను. మానుకున్న వారంలోనే విల్లియనూరులో టీ తాగుతూ సుబ్బరాయలు కనబడ్డాడు. ఆట మానేశాడు, పిల్లలకు నేర్పుతున్నాడు. కప్పు అలా పోయినందుకు బాధ లేదా అని అడిగాను.

“లేకుండా ఎట్లుంటాది అన్నా? శానా ఉండాది,” అన్నాడు. “కానీ చూడు, ఆ పొద్దు నేను నోరు మూసుకొని ఉండుంటే, ఇప్పుడు నా దగ్గర ఏముంటుంది? కప్పు పాయె, ప్రయాణం పాయె. మిగిలింది ఆ ఒక్క మ్యాచే గదా. అదీ దొంగదై ఉంటే యాడికి పోయేది?”

టీ చల్లారిపోతోందని నాకు గుర్తు చేసి, మళ్ళీ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వృత్తిపరంగా ఆ మ్యాచ్ నాకు నేర్పినవి రెండు. ఒకటి, బాణం ఒక్కరే తిప్పాలి, తిప్పినవారు తిప్పానని పైకి చెప్పాలి. దీన్ని ఆ తరువాత నేను కూర్చున్న ప్రతి టేబుల్ దగ్గరా అమలు చేయించాను. రెండు, టేబుల్‌కు సందేహం వచ్చినప్పుడు, నిజం చెబితే నష్టపోయే ఆటగాడిని కూడా అడగాలి. అతను చెప్పడని ముందే అనుకుని మేము ఎన్నో మ్యాచ్‌లలో అడగలేదు.