గాలి మలుపులో క్యారేజీ

కిటికీ వదినకు ఆ పేరు పెట్టింది రైలు డ్రైవర్లు. పెద్దవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ దాంతో పిలిచే మనిషి పోయాక ఆ పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది.

మాట తక్కువ మనిషి. బళ్ళో నేర్చుకున్న నాలుగు ముక్కలూ వంటింట్లో డబ్బాల మీద పేర్లు చదువుకోవడానికి సరిపోయాయి. అడిగితే ఊఁ, లేకపోతే ఉహూఁ. "మా వదిన నోట్లోంచి మాట రావాలంటే బావి తవ్వాలి" అనేది ఆడపడుచు. ఆ ఆడపడుచుదీ అదే ఇల్లు. ఆవిడ మాటలు ఇద్దరికీ చాలి ఇంకా మిగిలేవి.

వాళ్ళ వాటా మూడో అంతస్తులో. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా మోనోరైలు దూలం. దానికి మామూలు రైలులా రెండు పట్టాలుండవు. స్తంభాల మీద పరిచిన ఒకే ఒక్క సిమెంటు దూలాన్ని రెండు వైపులా కరిచి పట్టుకుని పోతుంది. అందుకని అందరూ దాన్ని ఒంటికాలి రైలు అనేవారు. మార్కెట్ స్టేషను దాటి ఆస్పత్రి స్టేషనుకు పోయేటప్పుడు సరిగ్గా ఈ వంటింటి దగ్గరే దూలం మెలిక తిరుగుతుంది. ఎంత దగ్గరంటే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే రైల్లోని ఆడవాళ్ళు మంట తగ్గించమని సైగ చేసేవారు.

ఆమె భర్త ఆ రైలు డ్రైవరు. ఉద్యోగం కొత్తలో ఒకరోజు అన్నం క్యారేజీ ఇంట్లో మరిచిపోయాడు. మలుపులో రైలు ఎలాగూ నెమ్మదిస్తుంది కదా అని ఇంకాస్త నెమ్మదించి, ఏకంగా ఆపేసి, చిన్నగా హారను కొట్టి, పక్క అద్దం జరిపి చెయ్యి చాపాడు. ఆమె క్యారేజీ అందించింది. "సరే, వస్తా" అన్నాడు. మర్నాడు కావాలనే మరిచిపోయాడు. ఆ తర్వాత మరిచిపోవడమే అలవాటయింది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా, కొత్త డ్రైవర్లకు పని నేర్పేది కూడా ఆయనే. పక్కన కుర్ర డ్రైవరు నిలబడి చూస్తుంటే పెళ్ళాం దగ్గర క్యారేజీ అందుకోవడానికి ఆయనకు సిగ్గు. ఆ రోజుల్లో బుద్ధిగా ఇంటి దగ్గర్నుంచే పట్టుకుపోయేవాడు. కానీ అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? మలుపు రాగానే దానంతటదే రైలు ఆపేది, హారను కొట్టేది, అద్దం జరిపి బయటికి చాచుకునేది. నోరు కూడా తక్కువ తినలేదు, "సరే, వస్తా" అనేసేది.

మొదటి శిష్యుడు పొడుగు డ్రైవరు అడిగాడట, చెయ్యి ఎందుకు బయటపెట్టాలని. గాలి చూడటానికి అన్నాడు ఆయన. మరి వస్తానని చెప్పింది ఎవరికి అంటే, గాలికే అన్నాడు.

పొడుగు డ్రైవరు అది తన శిష్యులకు నేర్పాడు. వాళ్ళు వాళ్ళ శిష్యులకు. ఆ చోటుకు గాలి మలుపు అని పేరు కూడా వచ్చింది.

పోయిన వానల్లో జ్వరమని పడుకున్న ఆయన మళ్ళీ లేవలేదు. రైళ్ళు మాత్రం ఆగుతూనే ఉన్నాయి. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా వచ్చిన రైలల్లా ఆగేది. హారను, అద్దం, చెయ్యి, "సరే, వస్తా." ఒకడిది బొంగురు గొంతు, ఒకడిది జలుబు గొంతు. ఇవాళ గాలి కాస్త తడిగా ఉందని ఒకడు లోపలికి తిరిగి చెబితే, ప్రయాణికులు గొడుగులు సర్దుకునేవారు.

కిటికీ వదిన పరదా వెనక నిలబడి వినేది. గొంతులు ఆయనవి కావు, మాట ఆయనదే. ఆ మాట పట్టుకుని ఒక్కో పూటా దాటేది. పొయ్యి జోలికి పోవడం మానేసింది. వంటంతా ఆడపడుచుదే. ఈమె చేసే పని ఒక్కటే, ఆయన క్యారేజీని రోజూ తోమి, తుడిచి, గూట్లో పెట్టడం. దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇలా ఉండగా, రైళ్ళన్నీ ఆస్పత్రి స్టేషనుకు ఎందుకు ఆలస్యంగా వస్తున్నాయో తేల్చడానికి పై ఆఫీసరు ఒకాయన ఇంటికే వచ్చాడు. చేతిలో కర్ర, కర్ర చివర రిబ్బను. రిబ్బను ఎగిరితే గాలి ఉన్నట్టు, రైళ్ళు ఆగొచ్చు. ఎగరకపోతే రేపటి నుంచి ఒక్క రైలూ ఇక్కడ ఆగడానికి వీల్లేదని చెప్పి, కర్రను వంటింటి కిటికీలోంచి బయటపెట్టాడు. కిటికీ వదిన పరదా పక్కకు లాగి రిబ్బను వంకే చూసింది.

రిబ్బను తడిగుడ్డలా వేలాడింది. ఆడపడుచు వెనక నిలబడి పళ్ళెంతో గాలి విసిరింది. రిబ్బను కాస్త కదిలింది. ఆఫీసరు వెనక్కి తిరిగితే, అబ్బ ఏం ఉక్కపోత అంటూ ఆ పళ్ళెంతోనే ముఖం విసురుకుంది. ఆయన మళ్ళీ అటు తిరిగాడు. రిబ్బను మళ్ళీ వేలాడింది.

ఇంతలో రైలు వచ్చింది. ఆగింది. హారను మోగింది. అద్దం జరిగింది. పొడుగు డ్రైవరు చెయ్యి బయటికొచ్చింది.

గాలి లేదని తేలిపోయింది, రేపటి నుంచి ఆపొద్దు అన్నాడు ఆఫీసరు. డ్రైవరు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పెద్దాయన చెప్పాడు కదండీ అని ఏదో నసుగుతున్నాడు.

కిటికీ వదిన గూట్లోంచి క్యారేజీ తీసింది. పొయ్యి మీద ఆడపడుచు వండింది వండినట్టు అందులో సర్ది, మూత బిగించి, ఆ చేతిలో పెట్టింది.

"గాలి కోసం కాదండీ, దీని కోసం ఆగేవారు" అంది.

పొడుగు డ్రైవరు క్యారేజీ వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ ఉత్త చెయ్యి చాపామా, వదినా?"

ఆఫీసరుకు మాత్రం పని తేలికైంది. ఆ మనిషే లేనప్పుడు క్యారేజీ లేదు, క్యారేజీ లేనప్పుడు ఆగే పనే లేదు అన్నాడు.

"ఆగు బాబూ" అంది ఆడపడుచు. "ఆ క్యారేజీ మా అన్నయ్యది. తీసుకుపోయినవాడు తిరిగివ్వాలా, అక్కర్లేదా? ఆగకుండా ఎలా ఇస్తాడు? విసిరేస్తాడా?"

ఆఫీసరు ఆలోచనలో పడ్డాడు. ఆయన పద్ధతి గల మనిషి. పరాయివాళ్ళ సొత్తు రైళ్ళ దగ్గర ఉండిపోతే శాఖకు మాటొస్తుంది. చివరికి, క్యారేజీ తిరిగి ముట్టేదాకా రైళ్ళు ఆగవచ్చు, ముట్టిన మర్నాటి నుంచి ఆగకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు.

కిటికీ వదిన ఖాళీ అయిన గూటి వంక చూసింది. మళ్ళీ డ్రైవరు వంక చూసింది.

"తొందరేం లేదు నాయనా" అంది.

"సరే, వస్తా" అన్నాడు పొడుగు డ్రైవరు.

మర్నాడు బొంగురు గొంతు, క్యారేజీ తోమలేదు వదినా, రేపిస్తాం అంది. ఆ తర్వాత మూత కనబడలేదన్నారు. మూత దొరికితే పిడి ఊడిందన్నారు. ఆఫీసరు కబురు పెట్టినప్పుడల్లా క్యారేజీ అవతలి షిఫ్టువాళ్ళ దగ్గరే ఉండేది. "తీసుకున్నది ఎగ్గొడుతుంటే చల్లగా ఉండమని దీవించే కొంప ఎక్కడైనా ఉందా తల్లీ" అనేది ఆడపడుచు. అంటూనే పొయ్యి దగ్గర్నుంచి పక్కకు తప్పుకునేది. చాచిన చేతిలో ఏమీ పెట్టకుండా పంపడం బాగోదని కిటికీ వదిన మళ్ళీ వండటం మొదలుపెట్టింది మరి. పొద్దుటి రైలుకు ఒక కాగితం పొట్లం. గూట్లో క్యారేజీ అడుగు మిగిల్చిన గుండ్రటి మరక అలాగే ఉంది. దాని మీద ఇంకే గిన్నే పెట్టదు.

ఈమధ్య ఒక కొత్త డ్రైవరు చేరాడు. నిజాయితీపరుడు, లోగుట్టు తెలియదు. డిపోలో గాలి మలుపు ఇంటివాళ్ళ క్యారేజీ పడి ఉందని విని, తళతళా తోమి, మూత బిగించి, మలుపులో ఆగి చెయ్యి చాపాడు.

"మీదేనట, తీసుకోండమ్మా."

కిటికీ వదిన దాన్ని చూసింది. ఒక పక్క సొట్ట. ఒకసారి హడావుడిలో ఆయన రైలు తలుపులో ఇరికించినప్పుడు పడ్డది. ఆ సొట్ట మీద వేలు పెట్టి, ఒక్క క్షణం అలాగే ఉంచింది.

"మాది కాదు బాబూ" అంది.

అతను తెల్లబోయి క్యారేజీ లోపలికి తీసుకున్నాడు. అద్దం జరుపుతూ, నేర్చుకున్న పాఠం గుర్తొచ్చి మళ్ళీ తల బయటపెట్టాడు.

"సరే, వస్తా" అన్నాడు.