సీసాల్లోని చుట్టాలు

ఆదిలాబాద్ పక్కన సర్కారు వ్యవసాయ క్షేత్రంలో కొలువు దొరికినప్పటి నుంచి అంబదాస్ సీసాలను పసిపిల్లల్లా సాకుతున్నాడు. వాటిలో ఉన్నవి కంటికి కనిపించని జీవులు. బెల్లం, నూనె తీసిన పల్లిచెక్క వేసి కాచిన నీళ్లలో వాటిని పెంచి, ఆ నీళ్లు ఆముదపు ఆకుకు పూస్తే దాసరి పురుగు చావాలి. చావడం లేదు. రెండుసార్లు పూశారు, రెండుసార్లూ పురుగులు ఆకు తిని బలిశాయి. మూడోసారీ ఇంతే అయితే పని మూసేస్తామని పైనుంచి మాట వచ్చింది. అప్పుడు అంబదాస్ మళ్లీ పత్తి జిన్నింగు మిల్లు దుమ్ములోకే పోవాలి.

ఆ చలికాలం పొద్దున ఆఫీసరు రామచంద్రం సూక్ష్మదర్శిని మీంచి తలెత్తాడు. కరీంనగర్ మనిషి, కోపం తక్కువ.

"మస్తుగ పెరిగినయ్ అంబదాస్. గింజ మాత్రం కట్టలే. తిండి ఒడిసి, ఆకలైతెనే ఇవి గింజ కడ్తయి, దాంతోనే విషం తయారైతది. ఇన్ని రోజులైనా తిండెందుకు ఒడుస్తలేదో సమజైతలేదు."

సీసా తుడుస్తున్న అంబదాస్ చెయ్యి ఆగిపోయింది.

"సారూ... రోజు పొద్దుగాల్ల జర బెల్లం నీళ్లు పోస్తున్న. కాగబెట్టి, సల్లార్చినంకనే పోసిన."

"నేను చెప్పిన్నా?"

"లే సారు. పానం ఒప్పలే. మన దగ్గరికొచ్చినోళ్లను పస్తుంచుతమా?"

రామచంద్రం నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. "సూక్ష్మజీవులకు పెండ్లి భోజనం పెట్టినవ్ కదనయ్యా!"

మూడోసారి బెల్లం తగ్గించారు. గది చల్లబడకుండా ఊకపొయ్యి రాజేశారు. గాలి తగలాలని సీసాలను వంతులవారీగా ఊపారు. రామచంద్రం బెల్లం డబ్బాకు తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో అంబదాస్ ముద్ద మింగలేకపోయాడు. భార్య దేవవ్వ ఊరుకోలేదు.

"ఏందయ్యా, నీ సుట్టాలు ఉపాసమున్నరా?"

"నవ్వకే. ఆకలైతున్నట్టె ఉన్నది వాటికి."

"నువ్వన్న తిను. నీకు గింజ కట్టే పని లేదు."

కొన్ని రోజులకు సీసాల అడుగున తెల్లని మడ్డి దిగింది. రామచంద్రం సూక్ష్మదర్శినిలో చూసి, అంబదాస్‌నూ చూడమన్నాడు. మెరుస్తున్న గింజలు!

ఆకులకు పూశారు. తెల్లారి చూస్తే పురుగులు బతికే ఉన్నాయి. అంబదాస్ వంగి ఆకు తిరగేశాడు. ఒక మూల చిన్న గాటు, అంతే.

"తింటలేవు సారూ! నోరే పెడ్తలేవు!"

ఆ మర్నాటికి పురుగులు నల్లబడి, మెత్తగా వేలాడాయి.

"పని మూస్తరా సారూ?"

"మూసుడేంది? ఇగ చేన్లకు కావాలె. ఈ సీసాలు సాలవు, పెద్ద కాగు..."

మాట పూర్తి కాకముందే, ఎంత పెద్దదో చూపడానికి అంబదాస్ రెండు చేతులూ బార చాపాడు.