కాటా చెప్పని కండ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం మా నాయన తన తోలు చెప్పులు తొడుక్కోబోయి తొడుక్కోలేకపోయాడు. పెద్దారవీడు దగ్గరి మా ఊరినుంచి గొర్రెల మందులు కొనడానికి మార్కాపురం వచ్చి మా ఇంట్లో దిగాడు. “వానకు తోలు ముడుచుకపోయినట్లుంది పాపా” అన్నాడు. నేను వంగి చూశాను. చెప్పులు బాగానే ఉన్నాయి. పాదాలు ఉబ్బాయి. చీలమండ పైన వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడలేదు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆధారం చూపనిదే ఏ మాటనూ అంగీకరించని స్వభావం నాది. ఆ వారమే రక్తం, యూరిన్, స్కానింగ్ పరీక్షలు చేయించి, ఆ కాగితాలతో నాయనను ఒంగోలు తీసుకువెళ్ళాను. నెఫ్రాలజిస్ట్ అన్నీ చూసి, “రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయమ్మా. ఇది ఈ నెలలో వచ్చింది కాదు. ప్రోటీన్ తగ్గించి, వీలైనన్నాళ్ళు డయాలసిస్ లేకుండా నెట్టుకొద్దాం” అన్నారు. ఒక డైట్ చార్ట్ ఇచ్చారు. దాన్ని వంటింటి గోడకు అతికించాను.

అమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. నాయన నా దగ్గరే ఉండిపోయాడు. ఆయన అరవై జీవాల మందను చిన్నాయన, అంటే ఆయన తమ్ముడు, తన మందతో కలిపి మేపసాగాడు. నేను పప్పును చెంచాతో కొలిచి పెట్టాను. గుడ్డు మానిపించాను, మాంసం మానిపించాను. పరామర్శకు వచ్చినవారు నల్లమల వేర్లనీ, గిద్దలూరు కషాయమనీ చెబితే, “ఎంతమందికి ఇచ్చారు? ఎంతమందికి తగ్గింది? తగ్గనివాళ్ళ సంగతేమిటి?” అని అడిగి పంపేశాను. అలా పంపినందుకు నాకు నేటికీ విచారం లేదు. నా విచారమంతా వేరే చోట ఉంది.

ఏడాది గడిచాక డయాలసిస్ తప్పలేదు. వారానికి రెండుసార్లు ఒంగోలు ప్రయాణం. ఒంట్లోని అదనపు నీరంతా తీసేశాక ఉండవలసిన బరువును అక్కడ డ్రై వెయిట్ అంటారు. నాయనకు దాన్ని యాభైనాలుగు కిలోలుగా అంచనా వేశారు. ఇంట్లో ఒక డిజిటల్ కాటా కొన్నాను. దాన్నీ వెంటనే నమ్మలేదు. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా పెట్టి, ఖాళీ డబ్బా బరువు తీసేసి సరిచూశాకే నమ్మాను. ఆ తర్వాత ప్రతి ఉదయం బరువు రాశాను. డయాలసిస్ అయిన మర్నాడు ఎప్పుడు చూసినా యాభైనాలుగే. కిడ్నీలు చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నెలనెలా తగ్గుతూ వచ్చింది. నేను గీసిన గ్రాఫు చూసుకుని నాలో నేను గర్వపడ్డాను.

నాయనకు ఉన్నది ఒక్కటే కోరిక: మళ్ళీ మంద వెనకాల నడవాలి. డయాలసిస్ మొదలైన ఆరు నెలలకు చిన్నాయన వచ్చినప్పుడు కూడా ఒక్కొక్క గొర్రె సంగతీ అడిగి, “ఎండాకాలం పోనీ, నేనూ వస్తా” అన్నాడు.

“వచ్చి ఏం చేస్తావన్నా? నువ్విప్పుడు బస్సుల్లో తిరిగే దొరవైతివి. గొర్రెలు నిన్ను గుర్తుపట్టవు” అని నవ్వుతూ చిన్నాయన ఆయన వీపు నిమిరాడు. నిమిరే చెయ్యి నడుము దగ్గర ఆగిపోయింది. వెన్నుకు అటూ ఇటూ వేళ్ళతో నొక్కి చూశాడు.

“పాపా, ఇట్లరా. ఈడ చెయ్యి పెట్టు. ఎముకలు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయి. కండ యాడబోయింది?”

“అర కిలో కూడా తగ్గలేదు చిన్నాయనా. రోజూ రాస్తున్నాను.”

“కాటా సంగతి నాకు చెప్పొద్దు. సంతకు తోలేముందు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్ళు తాపినారంటే, బక్క పొట్టేలు గూడా బాగా తూగుతాది. అందుకే మేము నడుము పట్టి చూసినాకనే బేరమాడేది.”

“నాయన పొట్టేలు కాదు.”

“కాదులే. అయ్యుంటే నేను కొనను.”

“నన్ను బేరం పెట్టేదానికే వచ్చినావేందిరా?” అని నాయన పకపకా నవ్వాడు.

నేను నవ్వలేదు. గ్రాఫు తెచ్చి, క్రియాటినిన్ ఎలా దిగుతోందో చూపించాను. “ఆ కాయితం నాకు తెల్దు. నా చెయ్యి నాకు తెలుసు” అన్నాడు చిన్నాయన. ఆ మాటను కషాయం చెప్పినవారి మాటల సరసన చేర్చాను. డాక్టరుగారికి చెప్పనైనా లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మెట్లెక్కుతూ నాయన నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఊపిరి అందడం లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులనిండా నీరు. వెంటనే ఆక్సిజన్ పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. ఊపిరి కుదుటపడ్డాక, అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు, లేని చేతిని మోచేతి పైన పట్టి చూసి, టేపుతో కొలిచి, “ఈయన ఏం తింటున్నారు?” అని అడిగారు. నేను ఫోనులో ఉన్న చార్ట్ ఫొటో చూపించాను.

“ఇది డయాలసిస్‌కు ముందు ఇచ్చింది కదమ్మా! డయాలసిస్ మొదలయ్యాక ప్రోటీన్ పెంచాలి. ఎవరూ చెప్పలేదా?”

చెప్పారు. మొదటి రోజే ఒక నర్సు, “ఇక గుడ్లు తినొచ్చు” అన్నది. చార్టులో అలా లేదని ఆ నోటిమాటను పక్కన పెట్టాను. ప్రతి ఒక్కరినీ ఆధారం అడిగిన నేను, గోడమీది కాగితాన్ని మాత్రం ఒక్కసారీ ప్రశ్నించలేదు.

“క్రియాటినిన్ తగ్గుతోంది కదండీ” అన్నాను, ఇంకా ఆశతో.

“అది తయారయ్యేది కండలోనేనమ్మా. కండ కరిగితే అదీ తగ్గుతుంది. కిడ్నీ బాగుపడి కాదు.”

చేతికీ కాలికీ తీగలు తగిలించి, అతి స్వల్పమైన కరెంటు పంపి, ఒంట్లో నీరెంతో కండెంతో లెక్కగట్టే పరీక్ష చేయించారు. అది ఎంత కచ్చితమని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. “ఇదీ అంచనానే. కండను తీసి తూచలేం కదా! టేపు, చేత్తో పట్టి చూసింది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్, ఈ పరీక్ష, నాలుగూ ఒకే మాట చెబితే నమ్ముతాం. ఈయన విషయంలో నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి.”

తర్వాత కొన్ని వారాల్లో నీటిని కొద్దికొద్దిగా తీస్తూ డ్రై వెయిట్‌ను నలభైతొమ్మిదికి దించారు. ఐదు కిలోల ఒళ్ళు పోయిన చోట ఐదు కిలోల నీరు చేరింది. నా కాటా ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని తప్పు ప్రశ్న అడిగాను.

అప్పటినుంచి నాయనకు రోజూ గుడ్డు తెల్లసొనలు, డాక్టరమ్మ చెప్పిన కొలతలో కోడిమాంసం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం సాధన చేయించాను. మొదట రెండుసార్లు లేవగలిగాడు; నాలుగు నెలలకు తొమ్మిదిసార్లు. ఆ తర్వాత ఒక ఇన్ఫెక్షన్ జ్వరం పది రోజుల్లో ఆ ఫలితంలో సగాన్ని తీసుకుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం.

చిన్నాయనను క్షమాపణ అడిగాను. “నువ్వు చెప్పిన రోజే డాక్టరుకు చెప్పి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.”

“నేనూ గట్టిగా చెప్పాల్సింది పాపా. చదువుకున్నదానివి, నీకు తెల్వదా అని నోరు మూసుకుంటి” అన్నాడు చిన్నాయన. ఆ మాట నన్ను డాక్టరమ్మ మాటలకన్నా ఎక్కువగా బాధపెట్టింది.

ఇది జరిగి రెండేళ్ళు. నాయన ఇప్పుడు యాభై కిలోల బరువున్నాడు. చేతి చుట్టుకొలత కొంచెం పెరిగింది. వీధి చివరి టీ దుకాణం దాకా నడిచి వస్తాడు. డెబ్బై దగ్గరపడ్డ వయసులో, ఈ జబ్బుతో, పోయిన కండ అంతా తిరిగి రాదని డాక్టరమ్మ ముందే చెప్పారు, రాలేదు. కిందటి నెల చిన్నాయన వచ్చినప్పుడు నాయన గొర్రెల సంగతి అడగలేదు. “గొర్రెపిల్లల చెవులకు నీ గుర్తే వేసుకోరా. ఆ మంద ఇంక నీదే” అన్నాడు.

డయాలసిస్ రోగి ఇంట్లో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. బరువు మారలేదని నిశ్చింతగా ఉండకండి. నెలకొకసారి, ఫిస్టులా లేని చేతిని, ఒకే చోట, దర్జీ టేపుతో కొలిచి రాసుకోండి. ఆ మనిషికి స్నానం చేయించేవారు, వీపు నిమిరేవారు ఏమైనా అంటే అదీ ఆ కాగితం మీదే రాసుకోండి. డాక్టరుకు రెండూ చూపించండి. నేను అంకెలు మాత్రమే చూపించాను.